సూదులు లెక్కపెట్టకు నాన్నా

నాన్నా,

మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్ల దగ్గర పాత సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే సూది మార్పిడి కేంద్రంలో పనికి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. తన గొంతులో భయం. నాకు ముందు గర్వమే అనిపించింది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి నేను చేసిన పనే, అయినా నువ్వు చేస్తావంటే టెన్షన్‌గా ఉంది.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. పాత సూదులు చేత్తో అందుకోకు, డబ్బాలో వాళ్లనే వెయ్యమను. డబ్బా ముప్పావు నిండగానే మూసెయ్. గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తు, హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. సిగ్గుపడి దాచావంటే మాత్రం ఊరుకోను.

మా దగ్గర అప్పట్లో పాత సూది తెస్తేనే కొత్తది. ఒక సాయంత్రం మూసేసే వేళకి ఒకతను రెండు సూదులు తెచ్చి పది కావాలన్నాడు. ఎక్కువ తెస్తే దారిలో పోలీసులు పట్టుకుంటారని భయమట. నేను రూలు చెప్పి రెండే ఇచ్చాను. వాదించలేదు, "సరేనమ్మా" అని వెళ్లిపోయాడు. మూడు వారాలు కనిపించలేదు. తర్వాత వచ్చి, స్నేహితుడి సూదితో కానిచ్చానని తనే చెప్పాడు. కొన్ని నెలలకి పరీక్షలో హెపటైటిస్ సి అని తేలింది, రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు అది. ఆ సూది వల్లేనని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ సాయంత్రం నా వెనక అలమరలో కొత్త సూదులు పెట్టెలకొద్దీ ఉన్నాయి నాన్నా. రూలు పెట్టింది నేను కాదు, లేదన్న నోరు మాత్రం నాదే.

మాత్రలతో అతనికి నయమైంది, ఇప్పుడు 8 నుంచి 12 వారాల్లో చాలామందికి నయమవుతోంది. ఆ రోజు సంగతి ఎత్తి క్షమించమని అడిగితే అతనికి గుర్తే లేదు. "అలా వెనక్కి పంపినవాళ్లు చాలామందేనమ్మా, మిమ్మల్ని వేరుగా గుర్తుపెట్టుకోలేదు" అన్నాడు.

అందుకే అడిగినన్ని ఇవ్వు. మత్తుమందు కరిగించే మూత, దూది, నీళ్లు పంచుకున్నా ఆ జబ్బు అంటుకుంటుంది, అవీ కొత్తవే ఇవ్వు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ పని మొదలవడానికి పట్టుబట్టింది మత్తుమందు వాడేవాళ్ల సంఘమే, వాళ్లకి నువ్వు పాఠాలు చెప్పక్కర్లేదు. పేరు అడుగు, కూర్చోమను.

ఇంకోటి. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే ఇచ్చే విరుగుడు నాలోక్సోన్, అది ఇచ్చాక మనిషి లేచాడని వదిలెయ్యకు. అరగంట నుంచి గంటన్నరలో దాని బలం తగ్గిపోయి ఊపిరి మళ్లీ ఆగొచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండు.

మీ అమ్మకి నేను సర్దిచెబుతాను. నువ్వు మాత్రం చేరేలోపే హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించుకుని నాకు ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ