అడిగి చూడండి: ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’

పోయిన సంచికలో మాటవరసకు ఒక ముక్క అన్నాను: మంత్రులు సభలో ఇచ్చే లిఖితపూర్వక సమాధానాలు చదవడం రిటైరయ్యాక నాకు పట్టుకున్న జబ్బు అని. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. సంతోషం. ఒక ప్రభుత్వ శాఖలో గుమస్తాగా చేరి, 31 ఏళ్ల తర్వాత సూపరింటెండెంటుగా బయటికొచ్చాను. ఆ జవాబులు ఉడికే వంటింట్లో పనిచేసినవాణ్ణి కాబట్టి, తెలిసినంత చెబుతాను.

*మా ఎంపీ గారు సభలో లేచి మాట్లాడగా టీవీలో నేనెప్పుడూ చూడలేదు. ఆయన మనుషులు మాత్రం ‘సారు వందల ప్రశ్నలు అడిగారు’ అని పాంప్లెట్లు పంచుతున్నారు. అబద్ధమేనా?*
— ఒక పాఠకుడు, ఖమ్మం

కాకపోవచ్చు. ప్రశ్నల్లో రెండు రకాలున్నాయి. పక్కన చుక్క (నక్షత్రం) గుర్తు పెట్టినవాటికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. చుక్క లేనివాటికి కాగితం మీద జవాబిస్తే చాలు. లోక్‌సభలో రోజుకు చుక్క ప్రశ్నలు 20, చుక్క లేనివి 230. రాజ్యసభలో 15, 160. ఆ 20లో కూడా ప్రశ్నోత్తరాలకిచ్చే గంట పూర్తయ్యేలోపు సభలో చర్చకొచ్చేవి చాలాసార్లు ఐదారే. మిగతావాటి జవాబులూ కాగితాల్లోకే పోతాయి. సభ గొడవతో వాయిదా పడినా రాతపూర్వక జవాబులు మాత్రం బల్ల మీదికి చేరతాయి.

లోక్‌సభలో ఒక సభ్యుడి పేరు మీద ఒక రోజు జాబితాలోకి ఐదు ప్రశ్నలకు మించి రావు, అందులో చుక్కది ఒక్కటే. ఎవరిది ముందన్నది లాటరీయే. మీ ఎంపీ గారు ఐదేళ్లలో వందల ప్రశ్నలు వేసి, ఒక్కసారీ టీవీలో కనిపించకపోవడం సాధ్యమే. అయితే సంఖ్య చూసి మురిసిపోకండి. నాలుగైదు ప్రశ్నలు తెరిచి చదవండి. ‘ఫలానా పథకం లక్ష్యాలు ఏమిటి?’ అని అడిగి ఉంటే ఆ జవాబు శాఖ వెబ్‌సైట్లో ఎప్పటినుంచో ఉంటుంది. లెక్క పెరగడానికి వేసిన ప్రశ్న అది.

*జవాబు మంత్రిగారే రాస్తారా?*
— ఒక డిగ్రీ విద్యార్థిని, తణుకు

సంతకం ఆయనది. రాత మాలాంటి వాళ్లది.

అసెంబ్లీ ప్రశ్నను మా ఆఫీసుల్లో ‘ఎల్‌ఏక్యూ’ అంటారు. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్. ఆ మూడక్షరాలు వినబడితే మధ్యాహ్నం నిద్రమొహంతో ఉన్న సెక్షన్ కూడా లేచి కూర్చునేది. ఫైలు మీద ఎర్ర చీటీ పడేది. హైదరాబాదు నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలాలకు ఫోన్లు. ‘సాయంత్రం ఐదింటికల్లా రిపోర్టు కావాలి.’ ఐదింటికి కావాలన్నారంటే నాలుగున్నరకు ఏదో ఒక అంకె పంపాలి, అంతే.

తొంభైల చివర్లో ఒక ఎల్‌ఏక్యూ వచ్చింది. జిల్లాలో చేతిపంపులు ఎన్ని, పనిచేస్తున్నవి ఎన్ని, రిపేరులో ఉన్నవి ఎన్ని, వాటిని ఎప్పటికి బాగు చేస్తారు. గీతలు కొట్టి పట్టిక నేనే తయారు చేశాను. మండలాల నుంచి ఫోన్లో అంకెలు చెబుతుంటే రాసుకున్నాను. ‘రిపేరులో ఉన్నవి’ అనే గడి దగ్గరకొచ్చేసరికి సగం మండలాలు ‘నిల్’ అన్నాయి. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. రిపేరు అంటే ‘ఎందుకు చేయించలేదు?’ అని ఇంకో కాగితం వస్తుందని వాళ్ల భయం. నాకూ ఆ సంగతి తెలుసు. తెలిసే కూడిక వేశాను. డ్రాఫ్టు పైకి వెళ్లింది, టైపైంది, సభలో జవాబైంది.

ఆ దసరాకి అత్తవారి ఊరెళ్లాను. వీధి చివర బోరింగుకు పిడి లేదు. గొట్టానికి పలుపు చుట్టి గేదెను కట్టేశారు. ‘ఇదేమిట్రా?’ అని మా బావమరిదిని అడిగితే, ‘బాగానే పనిచేస్తోంది బావా, రెండేళ్లలో గేదె ఒక్కసారీ తప్పించుకుపోలేదు’ అన్నాడు. ఆ మండలం కూడా నా పట్టికలో ‘నిల్’ అన్నదే. పండగ భోజనం సయించలేదు.

అందుకే, ఏ జవాబులోనైనా ‘క్షేత్రస్థాయి నివేదికల ప్రకారం’ అన్న మాట కనిపిస్తే నేను కాస్త ఆగుతాను. ఆ మాట వెనక ఎక్కడో ఒక గేదె ఉండవచ్చు.

*మా ఊరి రైల్వే గేటు తీసేసి అండర్ బ్రిడ్జి కట్టారు. వాన పడితే నడుము లోతు నీళ్లు. ఎంపీ గారి చేత పార్లమెంటులో అడిగించాలనుకుంటున్నాం. ప్రశ్న రాసి పంపుతున్నాను, చూడండి: ‘అండర్ బ్రిడ్జిలో ప్రజలు నరకం చూస్తుంటే రైల్వే శాఖ నిద్రపోతోందా?’*
— ఒక రైతు, పల్నాడు జిల్లా

మీ కోపం న్యాయమే కానీ ఈ ప్రశ్న గడప దాటదు. ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, నింద ఉండకూడదని లోక్‌సభ నిబంధనల్లోనే ఉంది. 150 మాటలు దాటకూడదు. ఆ విషయం కేంద్రం చేతిలోదై ఉండాలి. నోటీసు కనీసం 15 పూర్తి రోజులు ముందు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలు మొదలయ్యాక ఎంపీ గారింటికి పరిగెత్తితే లాభం లేదు, ముందే వెళ్లండి.

ఒకవేళ నిద్ర సంగతి తీసేసి ‘చర్యలు తీసుకుంటున్నారా?’ అని మార్చారనుకోండి. ‘అవును. ఇది నిరంతర ప్రక్రియ’ అని వస్తుంది. నేనే అలాంటివి లెక్కలేనన్ని రాశాను, నమ్మండి. అవును, కాదు అని తప్పించుకునే సందు ఇవ్వకూడదు. నేనైతే ఇలా రాస్తాను:

‘(ఎ) ఫలానా డివిజన్‌లో గేట్లు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిలు ఎన్ని, వాటిలో నీరు తోడే పంపులు పెట్టినవి ఎన్ని, (బి) ఫలానా స్టేషన్ల మధ్య ఫలానా నంబరు అండర్ బ్రిడ్జిలో పంపు ఏ తేదీన పెట్టారు, ఎంత ఖర్చయింది, (సి) గత మూడేళ్లలో నీరు నిలిచి ఆ దారి ఎన్ని రోజులు మూతపడింది, (డి) మురుగు కాలువ పని ఎవరిది, ఎప్పటికి పూర్తవుతుంది?’

డివిజన్ మొత్తం ఎందుకు కలిపానంటే, ఒక్క ఊరి సంగతే అడిగితే మరీ చిన్న విషయమని పక్కన పెట్టే వీలుంది. మీ బ్రిడ్జి నంబరు అక్కడి గోడ మీదే రాసి ఉంటుంది. నీళ్లు లేనప్పుడు వెళ్లి చూసుకోండి. (డి)ని మాత్రం వదలొద్దు. బ్రిడ్జి తమది, బయటి కాలువ పంచాయతీది అని రైల్వే వాళ్లు అంటే కనీసం ఆ మాట రాతలో దొరుకుతుంది. దాన్ని పట్టుకుని మీ ఎమ్మెల్యే గారి చేత అసెంబ్లీలో రెండో సగం అడిగించవచ్చు. ఇద్దరివీ వేర్వేరు పార్టీలైతే మరీ మంచిది, పోటీ పడతారు.

*‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అంటే ఏమిటండీ? మా పిల్లలకు చెప్పలేక నవ్వొచ్చింది.*
— ఒక టీచర్, మహబూబ్‌నగర్

ప్రశ్నను ఎ, బి, సి అని ముక్కలుగా వేస్తారు కదా. ‘ఎ) ఫలానా చోట వంతెన కట్టే ప్రతిపాదన ఉందా, బి) ఉంటే ఎప్పుడు?’ అని. మొదటిదానికి ‘లేదండి’ అనేస్తే రెండోదానికి ఇక జవాబు అక్కర్లేదు. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాసి ఫైలు కట్టేయవచ్చు. మా సెక్షన్‌లో ఇది ఊతపదం. సాయంత్రం రెండో టీ సంగతి ఎత్తితే మా అటెండరు కూడా అదే అనేవాడు.

ఒక్కోసారి మాత్రం నవ్వు రాదు. 2020లో లాక్‌డౌన్ తర్వాత సెప్టెంబరులో పార్లమెంటు సమావేశమైంది. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేసి, రాతపూర్వక ప్రశ్నలను మాత్రం ఉంచారు. ఊళ్లకు తిరిగి వెళ్తూ చనిపోయిన వలస కూలీలు ఎంతమంది, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో అడిగారు. అలాంటి లెక్క నిర్వహించడం లేదని కార్మిక శాఖ చెప్పింది. పరిహారం సంగతికి, పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదని. మేడ్చల్ దగ్గర హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరాదికి నడిచిపోయినవాళ్లను నేను చూశాను. మా అపార్టుమెంటు వాళ్లం పులిహోర పొట్లాలు కట్టి పంచాం. ఆ జవాబును మా ఆఫీసు భాషలో తప్పు పట్టలేను. ఎ కి అలా చెబితే బి కి అదే రాయాలి. పాతికేళ్ల క్రితం అయితే నేనూ అదే రాసేవాణ్ణి. అదే నా బాధ.

*రాసిచ్చే జవాబు వల్ల ఎప్పుడైనా ఏమైనా జరిగిందా? కాగితాలు కాగితాలే కదా!*
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, గాజువాక

గాజువాక నుంచి మీరు ఈ మాట అడగడమేమిటండీ! విశాఖ ఉక్కు గొడవ మీ గుమ్మంలోనే కదా జరిగింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ కమిటీ పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా నెలకు పైగా ‘వంద శాతం అమ్మరట, కొంచెమేనట, ఢిల్లీలో మాట్లాడుతున్నారట’ అని అటలే అటలు. మార్చిలో లోక్‌సభలో ఒక రాతపూర్వక జవాబు వచ్చింది. నూరు శాతం ఉపసంహరణే, రాష్ట్ర ప్రభుత్వానికి అందులో వాటా లేదు అని. ఆ రోజుతో అటలన్నీ పోయాయి, విశాఖలో జనం రోడ్డెక్కారు. జవాబు ఎవరికీ నచ్చలేదు, నిజమే. కానీ తేలింది. అడిగినందుకే తేలింది.

పాతదొకటి కూడా ఉంది. 1957లో ఎల్‌ఐసీ డబ్బుతో ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్నారా అని లోక్‌సభలో వేసిన ప్రశ్నతో తీగ కదిలింది. ఎంపీ ఫిరోజ్ గాంధీ దాన్ని వదల్లేదు. చాగ్లా కమిషన్ వేశారు. 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

*‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నాక దాన్ని ఎవరైనా అడుగుతారా?*
— ఒక లాయరు, హనుమకొండ

అడుగుతారు. ఆ మాటను హామీగా లెక్కేసి రాసుకుంటారు. దీనికోసమే లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలల్లో తీర్చాలి, లేకపోతే గడువు పెంచమని శాఖ అడగాలి. అడుగుతూనే ఉంటుంది కూడా.

*డబ్బు తీసుకుని ప్రశ్నలు వేస్తారని విన్నాను.*
— ఒక పాఠకుడు, ఒంగోలు

2005లో రహస్య కెమెరాకు చిక్కి, ఆ డిసెంబరులో 11 మంది సభ్యత్వం పోగొట్టుకున్నారు. పదిమంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ.

*పాత జవాబులు ఎక్కడ దొరుకుతాయి? మా జిల్లా గురించి ఎవరేం అడిగారో చూడాలి.*
— ఒక పాఠకురాలు, కడప

పార్లమెంటువి సంసద్ డాట్ ఇన్ (sansad.in) అనే సైటులో ఉంటాయి. ఇంగ్లిషు, హిందీల్లో ఇస్తారు, తెలుగులో ఉండవు. శాఖను బట్టి, సభ్యుడి పేరును బట్టి వెతకవచ్చు. పైన కనిపించే రెండు పేరాల జవాబు చదివి మూసేయకండి. అసలు సరుకు చివర్న ‘అనుబంధం’ అని పెట్టే పట్టికలో ఉంటుంది. జిల్లాల వారీ అంకెలు అక్కడే దొరుకుతాయి. మూడేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఏడాది ‘పూర్తయింది’ అన్న పని తర్వాతి ఏడాది ‘పురోగతిలో ఉంది’ అయితే నాకో కార్డు ముక్క రాయండి.

ఇంకో ఇబ్బంది, మీ ఊరి వాళ్లకు ప్రత్యేకం. ఇంగ్లిషులో కడప అని కొట్టండి, తర్వాత పాత స్పెల్లింగు కడ్డపా అని కొట్టండి, ఆపైన వై.ఎస్.ఆర్. అని కూడా. మూడింటికీ వేర్వేరు కాగితాలు వస్తాయి.