సొర గింజలు దాచే ముందు

బుజ్జీ,

ఇకనుంచి విత్తనాలు కొనకుండా పెరట్లోవే దాచుకుంటానన్నావట, మీ అమ్మ చెప్పింది. భలే సంతోషమేసింది. కానీ నీ లిస్టులో సొర కూడా ఉందని తెలిసినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

టమాటా, బీన్స్‌తో మొదలుపెట్టు, వాటి పూలు చాలావరకు సొంత పుప్పొడితోనే కాయ కడతాయి. బీన్స్ తీగ మీదే ఎండి గలగలలాడాలి. టమాటా గింజల్ని గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టు. హైబ్రిడ్ మొక్కల గింజలు దాచకు, తల్లిలాంటి మొక్కలు రావు. మిరప పక్కన క్యాప్సికం వేసి గింజలు తీశావో, తేనెటీగలు ఆ రెంటినీ కలిపేస్తాయి.

ఇక సొర. మీ పెదనాన్న ఒకసారి కూర సొరనీ, ఎండబెట్టి సొరబుర్రలు చేసుకోవడానికి పెంచే చేదు సొరనీ ఒకే కంచెకి పాకించారు. ఆ ఏడు కూర సొర కాయలు కమ్మగానే ఉన్నాయి, ఎందుకంటే కాయ కండ తల్లి తీగదే, పరాయి పుప్పొడి ప్రభావమంతా లోపలి గింజలో ఉంటుంది. ఆ గింజలే నాటితే మరుసటి ఏడు కాయ చేదెక్కింది. చేతులారా పెంచిన కాయ పారెయ్యడానికి మనసొప్పక వండించుకుని తిన్నారు. రాత్రంతా వాంతులు, తెల్లారేసరికి ఆసుపత్రి. నాకా రాత్రి ఇప్పటికీ మర్చిపోవడం కుదరదు. ఆ చేదు విషమే తల్లీ, ఉడికించినా పోదు. అందుకే ప్రతి కాయా కోయగానే చిన్న ముక్క నాలుకకి తగిలించి చూడు, చేదుంటే ఉమ్మేసి కాయ పారెయ్, మొహమాటపడకు.

ఇరుగుపొరుగు పెరట్లో ఏం పాకిందో మనకి తెలియదు, కాబట్టి పూలు నువ్వే కలుపు. సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ రోజు విచ్చుకునేలా ఉన్న మొగ్గల్ని మధ్యాహ్నమే చూసుకుని, ఆడదానికీ మగదానికీ కొస దగ్గర దారం కట్టెయ్. ఆడ మొగ్గ కింద బుల్లి కాయ ఉంటుంది, మగదానికి ఉత్త కాడే. సాయంత్రం దారాలు విప్పి, మగపూవు రేకలు తీసేసి, పుప్పొడిని ఆడపూవు మధ్యభాగానికి మెల్లగా రుద్ది, ఏ పురుగూ దూరకుండా ఆడపూవుని మళ్లీ కట్టు. మగపూవు అదే రకం వేరే తీగదైతే మరీ మంచిది. కాయ కాడకి రంగు దారం కట్టి, పెంకు గట్టిపడి ఎండేదాకా కొయ్యకు.

ఇంకోమాట, మంచివన్నీ తినేసి చివర్లో మిగిలిన గిడసబారిన కాయ విత్తనానికి ఉంచుతారు చాలామంది. నువ్వలా చెయ్యకు, మొదట్లో వచ్చిన బలమైన కాయే విత్తనానిది.

ఆడ మొగ్గో మగ మొగ్గో తేలకపోతే తెంచకుండా ముందు వీడియో కాల్ చెయ్, మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ