తొడలో అదనపు కండరం: ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. మోకాలి వెనుక ఉబ్బుగా ఉంటే ఎమ్మారై తీశారు. టెన్సర్ ఫేషియా సురాలిస్ అనే అదనపు కండరం ఉందని రిపోర్టులో రాశారు. నొప్పికి రెండు నెలలుగా డైక్లోఫెనాక్ మాత్రలు సొంతంగా వాడుతూ, మసాజ్ చేయించుకుంటున్నాను. వారం నుంచి ఆ కాలి పిక్క కొంచెం వాచింది. ఆ కండరాన్ని తీసేయించుకోవాలా?

జవాబు: ముందుగా పిక్క వాపు సంగతి తేలాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నప్పుడు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించక తప్పదు. అదే నిజమైతే మసాజ్ వల్ల ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కాబట్టి, మసాజ్ వెంటనే మానేసి, ఈరోజే డాక్టరును కలిసి, అవసరమంటే కాలి సిరల్లో రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వారం రోజులు ఆగడమే ఎక్కువ.

ఇక కండరం విషయం. తొడ కండరాల అమరిక అందరిలో ఒకేలా ఉండదు. తొడ ముందు భాగపు కండరం క్వాడ్రిసెప్స్‌కు నాలుగు తలలని (మొదలయ్యే భాగాలని) చదువుకుంటాం గానీ, వాటిలో రెండైన వాస్టస్ ల్యాటరాలిస్‌కు, ఇంటర్మీడియస్‌కు మధ్య ఉండే మరో కండరాన్ని 2016లో పరిశోధకులు ప్రత్యేకంగా వర్ణించారు. తొడ వెనుక కండరం బైసెప్స్ ఫెమోరిస్‌కు కొందరిలో పొట్టి తల ఉండదు. మీ రిపోర్టులోని అరుదైన కండరం చాలావరకు తొడ వెనుక ఉండే సెమీటెండినోసస్ కండరం నుంచి బయలుదేరి, మోకాలి వెనుకగా దిగి, పిక్కను కప్పే పొరలోనో మడమ పైన ఉండే అకిలిస్ టెండన్‌లోనో కలుస్తుంది. బోర్లా పడుకున్న మనిషి మోకాలు మడుస్తుంటే డాక్టరు మడమను పట్టి ఆపినప్పుడు ఆ ఉబ్బు బిగుసుకుని, వదిలేయగానే మెత్తబడితే అది కండరమన్న నమ్మకం పెరుగుతుంది. అయితే ఒక్క ఈ పరీక్షతోనే నిర్ధారణకు రాలేం. ఉబ్బు రానురాను పెరుగుతున్నా, 5 సెంటీమీటర్లు దాటినా అది నిజంగా కండరమేనా అని ఆ ఎమ్మారై స్కాన్‌ను నిపుణులు మరోసారి చూడాలి.

పుట్టుకతో వచ్చిన ఈ కండరం ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికి వెళ్లనవసరం లేదు. నరాన్నో రక్తనాళాన్నో నొక్కుతోందని తేలితేనే, మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన సర్జన్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

డైక్లోఫెనాక్‌ను రెండు నెలలు ఎవరినీ అడగకుండా వాడటం మాత్రం సరికాదు. అది కడుపులో పుండ్లకు, కిడ్నీ దెబ్బతినడానికి, బీపీ పెరగడానికి దారితీయవచ్చు. పైగా నొప్పిని అణచిపెట్టి అసలు జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తుంది. సిరలో గడ్డ ఉందని తేలి రక్తం పలచబరిచే మందు మొదలుపెడితే, ఈ మాత్రలతో కలిసి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకే వాటిని ఆపి, ఆ స్ట్రిప్‌ను డాక్టరుకు చూపించండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అవసరమేమో కూడా అడగండి.