బ్రాకెట్ బాండ్ స్ట్రెంగ్త్ కొలవబోయే ముందు

అమ్మా,

థీసిస్‌కి పళ్ల క్లిప్పుల బ్రాకెట్లను పంటికి అతికించే రెండు మందులు, ట్రాన్స్‌బాండ్ ఎక్స్‌టీ, ఫ్యూజీ ఆర్థో ఎల్‌సీ, ఎంత పట్టు ఇస్తాయో పోలుస్తానన్నావు. ఒకటి కాంపోజిట్ (రెజిన్ ఆధారిత అంటు), రెండోది రెజిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ (ఒక రకం సిమెంట్). మంచి జోడీయే. ఆ రెంటి మధ్య ఉన్న తేడా తప్ప మరే తేడా లెక్కలోకి రాకుండా చూసుకోవడమే అసలు పని.

ఆర్థో (పళ్ల వరస సరిచేసే చికిత్స) కోసం తీసిన ప్రీమోలార్లే (కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడపళ్లు) తీసుకో. బకల్ (బుగ్గ) వైపు ఫోర్సెప్స్ (పన్ను పీకే పట్టకారు) గీత పడ్డా, సన్నటి చీలిక ఉన్నా పక్కన పెట్టెయ్. 0.5 శాతం క్లోరమిన్-టిలో (క్రిములను చంపే ద్రావణం) వారం ఉంచి, తర్వాత 4 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టు. ఆరు నెలలు దాటినవి వద్దు. ఒకే పేషెంటు కుడి ప్రీమోలార్ ఒక గుంపులోకి వెళ్తే ఎడమది రెండో గుంపులోకి వెళ్లాలి. చాలామంది పట్టించుకోరు గానీ, ఎనామెల్ మనిషి మనిషికీ మారుతుంది.

ఫ్లోరైడ్, నూనె లేని ప్యూమిస్‌తో పాలిష్ చెయ్. ఎక్స్‌టీకి 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 30 సెకన్లు పెట్టి కడిగి, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెట్టి, పల్చగా ప్రైమర్ (అంటుకు ముందు పూసే రెజిన్) రాయి. ఫ్యూజీకి 10 శాతం పాలీయాక్రిలిక్ యాసిడ్ 20 సెకన్లు చాలు. కడిగాక తడి అద్దాలంతే, ఎండగొట్టకూడదు. ఎక్స్‌టీ అలవాటు చేతితో ఇక్కడా గాలి కొడితే పట్టు తగ్గుతుంది, ఆ తప్పు మందు మీదకి పోతుంది. పొడి, ద్రవం చేత్తో కలిపితే పాళ్లు మారతాయి, క్యాప్సూల్ వాడు.

ప్రతి బ్రాకెట్‌నీ ఫోర్స్ గేజ్‌తో 300 గ్రాముల ఒత్తిడిమీద నొక్కి, అంచుల్లో పొంగింది ప్రోబ్‌తో తీసేశాకే మందును గట్టిపరిచే లైట్ వెయ్. మిగిలిపోయిన ఫ్లాష్ (అలా పొంగిన మందు) పట్టును ఎక్కువ చేసి చూపిస్తుంది. లైట్ తీవ్రతని రోజూ రేడియోమీటర్‌తో చూడు.

పళ్లు 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉన్నాక, బ్రాకెట్‌ని బ్లేడుతో నెట్టి ఊడగొట్టే మెషీన్ మీదకి ఎక్కించు. అందరూ తొందరపడేది ఇక్కడే. బ్లేడు బ్రాకెట్ బేస్‌కీ (పంటికి అంటుకునే అడుగు) పంటికీ మధ్య ఆనాలి. బ్రాకెట్ రెక్క మీద ఆనితే షియర్ (పంటి తలం వెంట జారించే బలం) కాస్తా పీకుడవుతుంది, అంకె పడిపోతుంది. యాక్రిలిక్ బ్లాకులో బకల్ తలం బ్లేడుకి సమాంతరంగా ఉందో లేదో ఒక్కోటీ సరిచూడు. వేగం నిమిషానికి 1 మి.మీ.

వచ్చిన న్యూటన్లను బేస్ వైశాల్యంతో భాగించు: 110 న్యూటన్లు, 11 చదరపు మి.మీ. అంటే 10 మెగాపాస్కల్స్. 1975లో రేనాల్డ్స్ చెప్పిన 5.9–7.8 మెగాపాస్కల్స్‌ని పాస్ మార్కులా రాయకు. అది నోట్లో అవసరానికి వేసిన అంచనా. అంకె మరీ పెరిగినా మేలేం కాదు, డీబాండింగ్‌లో (బ్రాకెట్ తీసేటప్పుడు) ఎనామెల్ ఊడొస్తుంది.

అందుకే ఏఆర్‌ఐ (బ్రాకెట్ ఊడాక పంటి మీద ఎంత మందు మిగిలిందో చెప్పే స్కోరు) తప్పనిసరి. 10 రెట్ల పెద్దదిగా చూసి, పంటి మీద మందేమీ లేకపోతే 0, మెష్ (బ్రాకెట్ అడుగున ఉండే జాలీ) అచ్చుతో సహా మొత్తం ఉంటే 3 వెయ్. ఏ పన్ను ఏ గుంపుదో తెలియని మనిషి చేత వేయించు. ఈ స్కోర్లకి సగటు తియ్యకు, కై-స్క్వేర్ పరీక్ష వాడు.