పైకెక్కేటప్పుడే ఆయిల్ ఎందుకు కాగిపోతోంది?

ప్రశ్న: గురువు గారికి నమస్కారం. మాది రావులపాలెం పక్కన, నాకు డీజిల్ ఇంజన్ల షెడ్డు ఉందండి, చుట్టుపక్కల రొయ్యల చెరువుల జనరేటర్లన్నీ నా దగ్గరకే వస్తాయి. మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉంటాడు, గ్యారేజీలో సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకుని దానికి మాజ్డా 13బీ రోటరీ ఇంజన్ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే కారు ఇంజన్) పెట్టేడు. లేచి పైకెక్కేటప్పుడు నాలుగైదు నిమిషాల్లో ఆయిల్ 108 డిగ్రీలకి పోతోంది, లెవెల్ అయ్యేక మెల్లగా 90కి దిగుతోంది. ఇంకా పెద్ద కూలర్ వెయ్యమని నేనంటే, చిక్కటి ఆయిల్ పొయ్యమని ఎవరో చెప్పేరంట. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఇదే గొడవ, మా ఆవిడ విసుక్కుంటోంది. ఏది కరెక్టండీ?

జవాబు: రెండూ కాదండీ, ముందు కూలర్ మీద చెయ్యి వెయ్యొద్దనండి. మీ డీజిల్ ఇంజన్లో ఆయిల్ ముఖ్యంగా రాపిడి తగ్గించడానికి, వేడి మోసేది ఎక్కువగా నీళ్ళు. రోటరీలో తిరిగే రోటర్ లోపలికి నీళ్ళు పోయే దారే లేదు, షాఫ్ట్‌లో ఉన్న జెట్ల నుంచి ఆయిల్‌నే దాని కడుపులోకి చిమ్ముతారు, అందుకే నీళ్ళూ ఆయిలూ కలిసి మోసే వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ మీదే పడుతుంది. అంటే అది ఆయిల్ కూలర్ కాదు, రెండో రేడియేటర్ అనుకోండి. ఆ వేడిని బయట పారేసేది గాలి, చిక్కటి ఆయిల్ పోస్తే గాలేం పెరగదు కదా.

ముందు ఒకటి అడగండి, సెన్సర్ ఎక్కడుందని. 13బీలో ఆయిల్ పంపు నుంచి కూలర్‌కి, అక్కణ్ణుంచి ఫిల్టర్‌కి, తర్వాత ఇంజన్లోకి పోతుంది. సంపులో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, సెన్సర్ ఉంటే అది చల్లబడక ముందు వేడి, ఫిల్టర్ దగ్గరుంటే చల్లబడ్డాక వేడి. ఈ ఇంజన్లు ఎగరేసేవాళ్ళు లోపలికి పోయే ఆయిల్ 80 దగ్గరుంటే సంతోషిస్తారు, 99 దాటనివ్వరు. ఫిల్టర్ దగ్గరే 108 అంటే మాత్రం ఆటలొద్దు, రోటర్ ఆయిల్ రింగుల వెనక రబ్బరు ఓ-రింగులు గట్టిపడి తర్వాత పొగ మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. మన డెల్టాలో పుట్టినోడికి ఇది చెప్పక్కర్లేదు, మురుగు కాలవ పూడిపోయి ఉంటే పైన తూము ఎంత తెరిచినా చేలో నీళ్ళు కదలవు, నిలిచిపోతాయి. కూలర్ కూడా అంతే, అందరూ గాలి లోపలికొచ్చే ముందు మూతి పెద్దది చేస్తారు, వెనక గాలి ఎటు పోవాలో ఎవరూ చూడరు. పైగా కూలర్ చుట్టూ వేలు దూరే సందు వదిలేస్తారు, గట్టుకి ఎండ్రకాయ బొరియ పడ్డట్టు గాలంతా అందులోంచి జారిపోతుంది.

ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే ట్రాన్స్‌పరెంట్ ట్యూబు లేదూ, అలాంటిది సన్నంగా తీసుకుని ఒక కొస కూలర్ ముందు, ఒక కొస వెనక కట్టమనండి, ట్యూబు కొసలు గాలికి ఎదురుగా కాకుండా పక్కకి ఉండాలి. మధ్యలో క్యాబిన్‌లో యూ ఆకారంలో వంచి రంగు నీళ్ళు పొయ్యడమే. ఎక్కేటప్పుడు దాన్ని చూస్తూ కూర్చోవద్దనండి, కళ్ళు బయటే ఉండాలి, ఫోను పెట్టి వీడియో తియ్యమనండి. గంటకి 145 కిలోమీటర్ల మీద ఎక్కుతుంటే గాలి ఇచ్చే ఒత్తిడి మొత్తం సుమారు 10 సెంటీమీటర్ల నీళ్ళు, అంతే. 290 మీద అదే 40 అవుతుంది, లెవెల్ అయ్యేక ఆయిల్ దిగడానికి ఇదో కారణం, ఇంజన్ మీద లోడు తగ్గడం ఇంకోటి. ఎక్కేటప్పుడు ఆ పదిలో కూలర్‌కి అటూ ఇటూ రెండు సెంటీమీటర్ల తేడానే కనిపిస్తే గాలి పోవట్లేదని లెక్క. అప్పుడు ఒక కొస క్యాబిన్‌లో వదిలేసి ముందూ వెనకా విడివిడిగా చూడాలి. రెండు చోట్లా ఎక్కువుంటే వెనక దారి బిగిసింది, ముందే తక్కువుంటే మూతి దగ్గర తేడా.

నా పందెం వెనక మీదే. బయటికి పోయే కంత పెంచి, దానికి ముందు చిన్న రేకు పెదవిలా కిందకి వంచితే గాలిని బయటికి లాగుతుంది. సందులన్నీ సిలికాన్‌తో మూసెయ్యాలి, సైలెన్సర్ గొట్టం సంపు పక్కనుంచి పోతుంటే మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. ఒక్కోసారి ఒక్కటే మార్చి ఎగరమనండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇవన్నీ అయ్యేకా ఎక్కువే ఉంటే అప్పుడు మీ పెద్ద కూలర్ గురించి మాట్లాడదాం.

టెక్సాస్ ఎండ కూడా మన రాజమండ్రి మే నెల లాంటిదే. ఆయిల్ 90లో ఉందనుకోండి, బయట 15 అయితే తేడా 75, బయట 40 అయితే 50. అదే కూలరు, అదే గాలి, అయినా పారేసే వేడి మూడో వంతు తగ్గిపోయింది. అందుకని చలికాలం బాగుంది కదా అని ఆగిపోవద్దనండి. ఈలోగా ఎక్కేటప్పుడు 95 కనపడగానే ముక్కు దించి స్పీడు పెంచి పవర్ తగ్గించుకోమనండి.

ఇంకో మాట, పాత ఇంజన్ అయితే షాఫ్ట్ ముందు కొసలో చిన్న థర్మల్ పెల్లెట్ ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు రోటర్ జెట్లకి ఆయిల్ పోనివ్వకుండా పక్కకి మళ్ళిస్తుంది. అది చెడిపోతే వేడెక్కాక కూడా రోటర్‌కి ఆయిల్ సరిగా అందదు, టెంపరేచర్ మీటర్లో ఇది తెలీదు, ప్రెషర్ పడిపోవడం చూసి పట్టుకోవాలి. చాలామంది దాన్ని పీకేసి గట్టి ముక్క పెట్టేస్తారు.

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం విమానాల్లో రోటరీ ఇంజన్ అంటే ఇదేనాండీ? – అమలాపురం పాఠకురాలు

జవాబు: పేరొకటే గానీ వేరమ్మా. వాటిలో షాఫ్ట్ కదలకుండా సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి. ఆయిల్ వేడి గొడవ పెద్దగా లేదు, ఎందుకంటే పోసిన ఆయిల్ వెనక్కి వచ్చేదే కాదు, పొగతో బయటికి పోయేది. పెట్రోల్లో కలవదని ఆముదం వాడేవారు, ఆ పొగ పీల్చి పైలట్లకి కడుపు ఖాళీ అయ్యేదని చెప్పుకుంటారు.