ఆటల అర: వంతెన ఎందుకు తెగింది?

ప్రశ్న: మా అబ్బాయితో 11×11 హెక్స్ (ఆరు కోణాల గళ్ల పలకపై, తన రెండు ఎదురెదురు అంచులను కాయలతో ముందు కలిపినవారు గెలిచే ఆట) ఆడుతున్నాను. వరసగా వంతెనలు కట్టినా ఒక్క ఎత్తుతో దారి తెంపేస్తున్నాడు. ఎలా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: రెండు కాయలకు రెండు ఉమ్మడి ఖాళీ గళ్లుంటేనే వంతెన, ఒకదాంట్లో అబ్బాయి వేస్తే రెండోదాంట్లో మీరు వెంటనే వేయాలి. బహుశా మీ రెండు వంతెనలకు ఒకే ఖాళీ గడి ఉమ్మడిగా ఉంటోంది. అక్కడ కాయ పడితే రెండూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి, మీకుండేది ఒక్క ఎత్తే.

అంచు దగ్గర రెండో వరుస కాయకు కింద రెండు గళ్లూ ఖాళీగా ఉంటే చాలు, అది అంచుకు కలిసినట్టే. లేదంటే మీరు రెండో వరుసలో, అబ్బాయి మొదటి వరుసలో ఒకరి పక్కన ఒకరు కాయలు వేసుకుంటూ మూలదాకా పరుగే! ఆ దారిలో అంచుకు కలిసిన మీ కాయ ముందే ఉంటే మీరు అంచు చేరినట్టే.

అన్నట్టు, అబ్బాయి తొలి కాయ నడిమధ్యలో పెడితే, మార్పిడి నియమం (మొదటి ఎత్తును రెండో ఆటగాడు తనదిగా తీసుకోవచ్చనేది) ఉన్నప్పుడు మొహమాటపడకుండా తీసేసుకోండి.