నా వ్యాసాలు అర్థం కావడం లేదంటున్నారు. ఎడిటింగ్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

అక్షరదోషాల దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ఒత్తులూ దీర్ఘాలూ గంటసేపు దిద్దిన పేరా అసలు అక్కర్లేనిదని తర్వాత తేలినా, కొట్టేయడానికి చెయ్యి రాదు.

ముందు ప్రతి పేరా పక్కనా అది ఏం చెబుతోందో ఐదారు మాటల్లో రాయండి. రాయలేకపోతే అందులో రెండు సంగతులు కలిసిపోయాయి, లేదా ఒక్కటీ లేదు. మొదటి పేరాని మరీ అనుమానించండి. చాలా వ్యాసాల్లో అసలు విషయం రెండో మూడో పేరాలో గానీ మొదలవ్వదు. "నేటి ఆధునిక యుగంలో" అని ఉంటే మొహమాటం లేకుండా కొట్టేయండి.

ఆ తర్వాతే వాక్యాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి దాని ముందు ఎంతైనా ఇరికించేస్తాం. ఇది చూడండి: "గత నెలలో కురిసిన భారీ వర్షాలకు దెబ్బతిన్న రోడ్ల మరమ్మతుల కొరకు ప్రభుత్వం ద్వారా విడుదల చేయబడిన నిధుల యొక్క వినియోగం జరగడం లేదు." చివరి మాట దాకా చదివేవాళ్లు ఊపిరి బిగబట్టాలి. విడదీస్తే: "గత నెల వానలకు రోడ్లు పాడయ్యాయి. బాగుచేయడానికి ప్రభుత్వం డబ్బు విడుదల చేసింది. ఆ డబ్బు ఎవరూ ఖర్చు పెట్టడం లేదు."

ఇప్పుడు ఆ "ఎవరూ" దగ్గర ఆగిపోతాం. ఖర్చు పెట్టాల్సింది ఏ శాఖ? "వినియోగం జరగడం లేదు" అన్నంతసేపూ ఆ ప్రశ్నే రాలేదు. అది భాష దిద్దితే పోయే లోపం కాదు, వెళ్లి కనుక్కోవాల్సిన సంగతి. "చేయడం జరిగింది", "చేయబడింది" కనిపించిన ప్రతిచోటా "ఎవరు?" అని అడగండి. ఈ ఆఫీసు కాగితాల భాష వ్యాసానికి హుందాతనం తెస్తుందని ఎవరు నేర్పారో గానీ, చాలా చేటు చేశారు. "యొక్క" తీసేస్తే దాదాపు ఎప్పుడూ నష్టం లేదు.

తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట గీత పెట్టి ముందుకెళ్లండి. అక్కడే ఆగి దిద్దితే వ్యాసం నడక తెలియదు. ఇద్దరు మగవాళ్లున్న పేరాలో "ఆయన" అంటే ఎవరో మీకే తెలుసు, పేరే మళ్లీ రాయండి. ఒకే వస్తువుని ఒకచోట మందు, ఇంకోచోట ఔషధం అంటే అవి రెండనుకుంటారు.

పేర్లు, తేదీలు, అంకెలు మూలం తెరిచి పోల్చుకోండి. 5 శాతం ఉన్నది 10 శాతమైతే రెట్టింపైనట్టు, అంటే పెరిగింది 5 శాతం కాదు, 100 శాతం. ఇలాంటివి జ్ఞాపకం మీద వదిలేస్తే తప్పుతాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇక అప్పుడు చూసుకోండి.